ముందు కుట్టే మనిషి, తర్వాతే గుడ్డ: విశాఖలో చిన్న బట్టల బ్రాండ్ పెట్టేవాళ్లకి

చేనేత గుడ్డతో సొంత బ్రాండ్ పెడతామని సలహాకి వచ్చేవాళ్లు ముందు లోగో చూపిస్తారు. పేరు బాగుంటుంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా తయారుగా ఉంటుంది. కుట్టేది ఎవరండీ అంటే మాత్రం "ఎవరో ఒకరు దొరుకుతారు కదా" అంటారు. కంచరపాలెంలో మేడ మీద రెండు గదుల్లో కుట్టుపని నడిపిస్తున్న దాన్ని కాబట్టి, నా లెక్క అక్కడే మొదలవుతుంది.

మన ఊళ్లో పనిమంతులకి కొదవ లేదు. అచ్యుతాపురం వైపు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో చేసి, పిల్లలు పుట్టాక మానేసిన ఆడవాళ్లు గాజువాక, కూర్మన్నపాలెం, అనకాపల్లిల్లో కనిపిస్తారు. మిషన్ మీద వాళ్ల వేగం చూస్తే ముచ్చటేస్తుంది. కాకపోతే ఫ్యాక్టరీ లైన్లో ఒకరు కాలరే కుడతారు, ఇంకొకరు చేతులే అతుకుతారు. కుర్తా మొత్తం ఒక్కరే కుట్టడం వాళ్లకి కొత్త. అది నేర్చుకునే రోజుల్లో పీసు రేటు, అంటే ఒక్కో బట్టకి ఇంత అని కూలి, పెట్టకండి, రోజుకూలి ఇవ్వండి. పీసు రేటు పెడితే చెయ్యి తిరిగేలోపే మానేస్తారు, తప్పు వాళ్లది కాదు.

పీసు రేటు కట్టేటప్పుడు బజార్లో ఎంతిస్తున్నారో అడిగి, దాని మీద పదో పాతికో కలిపేసి మాది ఎథికల్ అనకండి. పక్కన కూర్చుని చూడండి. మరీ వేగం కాని, మరీ నిదానం కాని మనిషి ఒక కుర్తాని మొదటి కుట్టు నుంచి కాజాల దాకా ఎంతసేపట్లో పూర్తి చేస్తుంది? రెండు గంటలు అనుకుందాం. కాగితం మీద ఎనిమిది గంటలకి నాలుగు కుర్తాలు. కరెంటు పోతుంది, దారం తెగుతుంది, టీ తాగాలి, కాబట్టి నిజానికి మూడున్నరే. రోజుకి ఆవిడకి 700 రూపాయలు గిట్టాలనుకుంటే కుర్తాకి 200 ఇవ్వాలి. కార్మిక శాఖ కనీస వేతనం కంటే మీ లెక్క తగ్గకుండా చూసుకోండి. అందులో డీఏ, అంటే కరువు భత్యం, ఏడాదికి రెండుసార్లు మారుతుంది, ఏప్రిల్లో, అక్టోబర్లో. మీ రేటు కూడా అప్పుడల్లా తిరగరాయండి.

ఇప్పుడు గుడ్డ. పలాస వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కి పొందూరులో దిగి, ఒక్కసారైనా ఆ పని చూసి రండి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం మీద సన్నటి నూలు తీసే చోటు అది. చూడమన్నాను గానీ, మొదటి సరుక్కి దాన్ని కొనకండి. అంత ఖరీదైన గుడ్డ మీద కొత్త కత్తెర పెట్టడం నాకు మనసొప్పదు. మామూలు చేనేత కాటన్ చాలు. మంగళగిరి గుడ్డ కుర్తాలకి బాగా నిలబడుతుంది, శ్రీకాకుళం, విజయనగరం చేనేత సంఘాల్లోనూ అడగండి. రంగు, అంచు మీకు కావలసినట్టు నేయించుకోవాలంటే పది మీటర్లకి మగ్గం కదలదు, ఒక పడుగు, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారాల గుడ్డ, మొత్తం తీసుకోవాలి. కాబట్టి మొదట సాదా రంగులు రెండు చాలు.

చేనేత వేరు, ఖాదీ వేరు. మిల్లు నూలుతో మగ్గం మీద నేసింది చేనేత. నూలు కూడా చేత్తో వడికితేనే ఖాదీ. ఖాదీ అని పేరు పెట్టి అమ్మాలంటే 2013 నాటి నిబంధనల ప్రకారం ఖాదీ మార్క్ ఉండాలి. సంఘం బిల్లులో ఏముందో ట్యాగు మీద అదే రాయండి. ఆర్గానిక్ అనే మాట కూడా అంతే, సర్టిఫికెట్ చేతిలో లేకపోతే వదిలేయండి. అనుమానం వచ్చిన గుడ్డలోంచి నిలువు పడుగు దారం ఒకటి, అడ్డంగా వచ్చే పేక దారం ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది, పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూస కడుతుంది.

కత్తెర పెట్టకముందు ప్రతి గుడ్డ తానునీ తడపాలి. మా కటింగ్ మాస్టారు గుడ్డ మధ్యలో సరిగ్గా 50 సెంటీమీటర్ల చదరం దారంతో గుర్తు పెట్టి, రాత్రంతా నీళ్లలో నానబెడతారు. పొద్దున్నకి గంజి దిగి నీళ్లు తెల్లగా చిక్కబడి ఉంటాయి. ఆరాక మళ్లీ కొలిస్తే 48 రావచ్చు, పడుగు వైపు ఒక్కోసారి ఇంకా తక్కువ. ఈ పని మానేస్తే మొదటి ఉతుకుతోనే కుర్తా పైకెక్కుతుంది, ఫోను మీకొస్తుంది. వానాకాలంలో మన ఊరి గాలికి గుడ్డ ఆరినట్టే ఉంటుంది గానీ మడతలో చెమ్మ మిగిలి బూజు పడుతుంది. ఫ్యాన్ కింద ఇంకో రోజు ఉంచండి.

అదే ఉప్పు గాలికి ఇనుప హుక్కులు తుప్పు పట్టి గుడ్డ మీద మరకలు దిగుతాయి. అందుకే నేను హుక్కులు, జిప్పులు వాడను. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగుతో బొమ్మలు చేసేవాళ్లని అడిగితే బొత్తాలు కూడా చేసిస్తారు. రంధ్రాల అంచులు చేత్తో తడిమి చూడండి, గరుకుగా ఉంటే దారం కోసేస్తాయి. లక్కకి వేడి పడదు, ఇస్త్రీ పెట్టె తగిలితే రంగు మెత్తబడి గుడ్డకి అంటుకుంటుంది. "బొత్తాల మీద ఇస్త్రీ వద్దు" అని ట్యాగు మీద తెలుగులోనే రాయించండి.

డిజైన్ గురించి ఒక్క మాటే. తిన్నటి ముక్కలతో, చంక కింద చిన్న డైమండ్ ముక్క వేసి కోసే పాత పద్ధతి కుర్తాలో గుడ్డ తక్కువ వృథా అవుతుంది. మిగిలిన పీలికలు బొంతలు కుట్టేవాళ్లకి ఇవ్వండి.

ధర కట్టడం చూద్దాం. రెండున్నర మీటర్ల గుడ్డ, మీటరు 300 చొప్పున 750. కుట్టుకూలి 200. కటింగ్, బొత్తాలు, దారం, ఇస్త్రీ కలిపి 120. అద్దె, కరెంటు, అమ్ముడుపోని సరుకు కోసం 250. మొత్తం 1,320 అయింది, మీ కష్టం ఇంకా కలపలేదు. 1,800 పెట్టారనుకోండి, చుట్టాలే ముందు ఎక్కువంటారు. తగ్గించాల్సి వస్తే మీ లాభంలో తగ్గించుకోండి గానీ ఆ 200 జోలికి పోకండి. 2,500 దాటని బట్టకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. రిజిస్ట్రేషన్ ఎప్పుడు కావాలో, ముఖ్యంగా వేరే రాష్ట్రానికి పంపేముందు, ఆడిటర్‌ని అడగండి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితం, ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. పేరుకి ట్రేడ్‌మార్క్ కావాలంటే బట్టలది 25వ క్లాసు.

దసరాకి అమ్మాలంటే నేతకి వేసవిలోనే ఆర్డరివ్వాలి. వానలు పడితే, నేలలో గుంట తీసి పెట్టే గుంట మగ్గాల్లో చెమ్మ చేరి పని ఆగుతుంది, ఫోన్లు చేసి తొందరపెట్టినా ప్రయోజనం ఉండదు. ఆర్డర్‌తోపాటు సగం డబ్బు కట్టండి, నూలు కొనడానికి వాళ్లకి అది కావాలి. మిగతా సగం గుడ్డ దిగిన రోజే ఇచ్చేయండి.