లిస్బన్ వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

వేసవి సెలవులకి పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి టికెట్లు తీసుకున్నవాళ్ల కోసం.

పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని 28వ నంబర్ ట్రామ్ ఎక్కొద్దు. అల్ఫామా అనే పాత పేట కొండ సందుల్లో తిరిగే ఆ చిన్న పసుపు ట్రామ్‌లో ఊపిరాడనంత జనం ఉంటారు, జేబుదొంగలకి కావాల్సింది అదే. అమెరికా నుంచి వెళ్లే మనవాళ్లకైతే పాస్‌పోర్ట్‌తో పాటు వీసా స్టాంపు కూడా పోతుంది, తిరిగి వెళ్లడమే పెద్ద టెన్షన్. గదిలో లాకర్‌లో పెట్టి ఫొటోకాపీ దగ్గర ఉంచుకోండి. ట్రామ్ పొద్దున్నే మార్తిమ్ మోనిజ్‌లో, అంటే బయల్దేరే చోటే ఎక్కితే సీటు దొరికే అవకాశం ఎక్కువ.

గ్రీన్‌కార్డ్ ఉన్నా భారత పాస్‌పోర్ట్‌కి షెంగెన్ వీసా (పోర్చుగల్‌తో సహా చాలా యూరప్ దేశాలకి చెల్లే ఒకే వీసా) కావాల్సిందే. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆఖరి నెల దాకా ఆగకండి.

లిస్బన్‌లోని బెలెమ్ ప్రాంతాన్ని సోమవారం పెట్టుకోవద్దు. అక్కడి జెరోనిమోస్ మఠం ఆ రోజు మూసేస్తారు. 1498లో కోళికోడ్ తీరానికి వచ్చిన వాస్కో డ గామా సమాధి అక్కడి చర్చిలోనే ఉంది, మన చరిత్రతో ఇంత ముడిపడిన చోటు చూడకుండా వచ్చేస్తే నిజంగా బాధగా ఉంటుంది.

నున్నటి అడుగున్న చెప్పులు వద్దు. కాలిబాటల మీద పరిచిన సున్నపురాళ్లు అరిగి నున్నబడ్డాయి, చినుకు పడితే జారతాయి, పైగా అన్నీ ఎత్తుపల్లాలే.

హోటల్లో అడగకుండా తెచ్చిపెట్టే బ్రెడ్, ఆలివ్‌లు ఉచితం కాదు. వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి పంపేయండి.

శాకాహారులు కాల్దో వెర్దె సూప్ ఆర్డర్ చేసే ముందు అడగండి, చూడటానికి ఆకుకూర సూపే కానీ మామూలుగా అందులో పంది మాంసం సాసేజ్ ముక్క వేస్తారు.

జూలైలో అయినా పల్చటి జాకెట్ ఒకటి ఉండాలి, సాయంత్రం అట్లాంటిక్ గాలి చల్లగా కొడుతుంది.