ఎండాకాలంలో మొగుడూ పెళ్లాల గొడవలు తగ్గాలంటే

అనంతపురంలో మే నెల వచ్చిందంటే చాలా ఇళ్లల్లో గొడవ రాత్రి పదకొండుకు, కరెంటు పోయినాక మొదలవుతుంది. కూరలో ఉప్పు తక్కువైందనో, మీ అక్క మళ్లీ ఫోన్ చేసిందనో, సాకు ఏదైనా కావచ్చు. అసలు కారణం చాలాసార్లు నెత్తి మీదుండే స్లాబు. పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రంతా ఇంట్లోకి వదులుతుంటే నిద్ర ఎక్కడ పడుతుంది? నిద్ర చాలని మరుసటి రోజు జంటలు ఎక్కువ కొట్లాడుకుంటాయని 2014లోనే ఎమీ గోర్డన్, సెరీనా చెన్ అనే పరిశోధకులు తేల్చారు. రాత్రి వేడి పెరిగేకొద్దీ నిద్ర తగ్గుతోందని 68 దేశాల లెక్కలతో 2022లో ఇంకో అధ్యయనం వచ్చింది.

కాబట్టి ముందు నిద్ర సంగతి చూడండి. స్లాబు మీద మార్చిలోనే తెల్ల సున్నం కొట్టించండి, మేలో గుర్తొస్తే సగం ఎండలు అయిపోయుంటాయి. నీళ్లకు కొరత లేకపోతే పొద్దు గుంకినాక మిద్దె మీద చల్లి, అక్కడే మంచాలు వేసుకోండి. నిద్ర లేని రాత్రి గడిచిన పొద్దున పెద్ద మాటలేవీ ఎత్తొద్దు.

డబ్బు మాట ఇంకా కష్టం. ఇంకో బోరు వేయిద్దామా, మెళ్లో గొలుసు బ్యాంకులో పెడదామా అనేది ఎండిన చెనిక్కాయ చేను చూసొచ్చిన పూట తేల్చుకోవద్దు. విత్తనం వేయకముందే, వాన రాకపోతే అప్పు ఎంతవరకు, గొలుసు ముట్టుకోవాలా వద్దా అని ఇద్దరూ ఒక మాట మీదకు రండి.

ప్రేమించుకుంటున్నవాళ్లకు కూడా ఒక మాట. కరువు ఏడాది మన దేశంలో ఆడపిల్లల పెళ్లిళ్లు వెనక్కి పోతాయని, పెళ్లికొడుకు వైపు వాళ్లే సొమ్మిచ్చే ఆఫ్రికా ప్రాంతాల్లో ముందుకు వస్తాయని 2020లో ఆర్థికవేత్తలు కోర్నో, హిల్డెబ్రాంట్, వోయెనా చూపించారు. తేడా అంతా కట్నం దగ్గరే ఉంది. పెద్దవాళ్లు "ఈ ఏడు వద్దు" అంటే మీ మీద కోపమనుకోకుండా ముందు పంట లెక్క అడగండి. కట్నం వద్దని అబ్బాయే గట్టిగా చెప్తే వానతో పనేముంది?

ఇక చెయ్యి లేవడం. భారత్, నేపాల్, పాకిస్తాన్‌లలో 1,94,871 మంది మహిళల వివరాలు చూసిన 2023 అధ్యయనంలో, ఏడాది సగటు ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే భర్త లేదా భాగస్వామి చేసే హింస సుమారు 4.5 శాతం పెరిగినట్టు తేలింది. దీన్ని పట్టుకుని "ఎండకు తిక్క రేగింది" అని తప్పించుకోవాలనుకునే మగవాళ్లకు ఒకటే ప్రశ్న: అదే ఎండలో మీ మేస్త్రీ మీద, మీ ఆఫీసరు మీద చెయ్యి ఎందుకు లేవదు? దెబ్బలు తినే ఆడవాళ్లు సున్నం, సర్దుబాటు అంటూ కూర్చోకుండా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, రాత్రయినా సరే.