నాయనకు చెవి మిషన్ తీసుకుంటున్నారా? ఎంచుకోవడం, అలవాటు చేయడం, కాపాడుకోవడం ఎలా?

మా నాయన చీమకుర్తిలో గ్రానైటు కోసే మిషన్ల దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశారు. ఆ మోతకు చెవులు పోయాయి. మొదట ఒక షాపులో పరీక్ష ఏమీ చేయకుండా ఇచ్చిన మిషన్ తెచ్చాం. పెట్టుకున్నప్పుడల్లా కుయ్యిమని ఈల. పదిహేను రోజులకే అది మందుల డబ్బాలోకి చేరింది. రెండోది పద్ధతి ప్రకారం తీసుకున్నాం. నాలుగేళ్లుగా ఆయన రోజూ పెట్టుకుంటున్నారు. మీ ఇంట్లో మిషన్ కూడా డబ్బాలో పడకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు డాక్టరు, తర్వాత పరీక్ష

మొదట చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి గులిమి గట్టిపడి అడ్డుపడినా వినపడదు. చీము కారుతుంటే ముందు దానికి వైద్యం చేయించాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోతే మాత్రం నాలుగు రోజులు చూద్దాం అనుకోకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెంటనే మందులు మొదలుపెడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

ఆ తర్వాత ఆడియోగ్రామ్ తీయించాలి. చప్పుడు లేని గదిలో హెడ్‌ఫోన్ పెట్టి రకరకాల శబ్దాలు వినిపిస్తారు. వచ్చే గ్రాఫులో ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. మోతలో పనిచేసిన వాళ్లకు ఎక్కువగా 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారి ఉంటుంది. స, శ, త, క లాంటి అక్షరాల్లోని సన్నని ధ్వనులు వాళ్లకు సరిగా అందవు. "మాట వినపడతా ఉంది రా, అర్థం కావట్లేదు" అని మా నాయన ఎన్నేళ్లు అన్నారో! చాదస్తం అనుకున్నాం. గ్రాఫు చూశాక గాని తెలియలేదు. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి.

ఏది కొనాలి?

పెద్దవాళ్లకు చెవి వెనుక పెట్టుకునే రకం అనుకూలం. వేళ్లకు దొరికే సైజులో ఉంటుంది, తీవ్రమైన లోపానికి సరిపడా బలమూ ఇస్తుంది. ఇందులో రెండు తీరులు ఉన్నాయి. ఒకదాంట్లో స్పీకరు మిషన్‌లోనే ఉండి, శబ్దం ట్యూబు ద్వారా చెవిలోని మౌల్డుకు, అంటే చెవి ఆకారానికి చేసిన ముక్కకు వస్తుంది. ఇంకోదాంట్లో సన్నని తీగ చివరన స్పీకరు చెవి లోపలే ఉంటుంది. లోపం ఎక్కువగా ఉన్నా, గులిమి ఎక్కువగా వచ్చే చెవి అయినా మౌల్డు రకమే నా మాట. మౌల్డును చెవి కొలత తీసి చేయించాలి. మా మొదటి మిషన్ ఈల వేసింది అది చెవికి సరిపోకనే.

షాపులో మూడు విషయాలు అడగండి. ఆడియోగ్రామ్ ప్రకారం ప్రోగ్రామ్ చేస్తారా? కొన్నాళ్లు ఇంట్లో వాడి చూడనిస్తారా? తర్వాత సర్దుబాటుకు ఎక్కడికి రావాలి? మన నెల్లూరు వాళ్లకు ఏదైనా చెన్నై వెళ్లి కొనడం అలవాటు. కానీ మొదటి రెండు నెలల్లో సెట్టింగులకు మూడు నాలుగు సార్లయినా తిరగాలి. నెల్లూరులోనో ఒంగోలులోనో సర్వీసు ఉన్నదే తీసుకోండి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, ఆదాయ పరిమితికి లోబడి కేంద్రం అడిప్ పథకం కింద ఉచితంగా ఇస్తుంది. కొనే ముందు ఆ దారి కూడా కనుక్కోండి.

పెట్టుకోవడం, అలవాటు పడడం

ఎర్ర గుర్తు ఉన్నది కుడి చెవికి, నీలం ఎడమ చెవికి. మిషన్ ఆఫ్‌లోనే ఉంచండి. ఒక చేత్తో చెవిని కొంచెం పైకి, వెనక్కి లాగి, రెండో చేత్తో మౌల్డును మెల్లగా తిప్పుతూ లోపలికి కూర్చోబెట్టండి. తర్వాత మిషన్‌ను చెవి వెనక్కి వేసి ఆన్ చేయండి. ఈల వస్తే ముందు మౌల్డు సరిగా కూర్చుందో లేదో చూడండి.

మొదటి రోజు గంటా రెండు గంటలు చాలు, అదీ ఇంట్లో, ఒక్కరితో మాట్లాడుతూ. ఫ్యాను గాలి, గిన్నెల చప్పుడు, తన గొంతు తనకే గట్టిగా వినపడడం మొదట చికాకు పెడతాయి. మెదడు ఆ చప్పుళ్లు మర్చిపోయి ఉంటుంది, మళ్లీ నేర్చుకోవాలి. రోజూ కొంత సమయం పెంచుతూ టీవీ, ఆ తర్వాత వీధి. రొట్టెల పండగ లాంటి జనంలోకి మాత్రం బాగా అలవాటయ్యాకే. ఇంట్లో వాళ్లు అరవకండి. మూడు నాలుగు అడుగుల దూరంలో, మొహం కనపడేలా కూర్చుని నిదానంగా మాట్లాడండి. అరిస్తే మాట చెదిరిపోతుంది.

బ్యాటరీ

ఈ రకానికి ఎక్కువగా వాడేవి నారింజ స్టిక్కరు ఉన్న 13 నంబరు, నీలం స్టిక్కరు ఉన్న 675 నంబరు. స్టిక్కరు తీశాక రెండు మూడు నిమిషాలు ఆగి వేయండి, గాలి తగిలితేనే అది పనిచేస్తుంది. మళ్లీ స్టిక్కరు అంటించినా అరుగుదల ఆగదు. చేతులు వణికే వాళ్లకు ఛార్జింగ్ రకం మేలు. పిల్లలు బ్యాటరీ మింగితే ప్రాణాపాయం, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

రాత్రి ఐదు నిమిషాలు

సముద్రపు తేమ, ఎండాకాలం చెమట, కార్తీక మాసపు ముసురు: మన దగ్గర మిషన్లను పాడుచేసేది తడే. పడుకునే ముందు మిషన్‌ను పొడిబట్టతో తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టి మూత బిగించండి. గుళికల రంగు మారితే కొత్తవి వేయండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ వాడొద్దు. స్నానానికి, తలకు నూనె పెట్టుకోవడానికి ముందు తీసేయాలి.

వారానికోసారి ట్యూబును మిషన్ నుంచి వేరుచేసి, మౌల్డును మాత్రం గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగండి. ట్యూబులోని నీటి చుక్కలను చిన్న గాలి బుడ్డితో ఊది, రాత్రంతా ఆరనివ్వండి. మా మౌల్డుకు ట్యూబు ఆరు నెలలకే పసుపు రంగు తిరిగి పుల్లలా బిరుసెక్కింది. అలా అయితే మార్పించాలి. మిషన్ మూగబోతే షాపుకు పరుగెత్తే ముందు కొత్త బ్యాటరీ వేసి, మౌల్డు రంధ్రంలో గులిమి ఉందేమో వెలుతురులో చూడండి.

ఫోన్ ఎత్తినప్పుడు చెవి రంధ్రం దగ్గర కాదు, చెవి పైన మిషన్ మైకు దగ్గర పట్టుకోవాలి. ఇది తెలియక ఆరు నెలలు మా నాయన ఫోనే ఎత్తలేదు. తెలిసిన రోజు సాయంత్రం కావలిలో ఉన్న మా అత్తకు ఆయనే ఫోన్ చేశారు.