40 ఎకరాల్లో తెల్లతోక జింకల వేట: భూమి నిర్వహణలో సమస్యలు, పరిష్కారాలు

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో అడవి, బీడు కలిసిన చిన్న భూమిని తెల్లతోక జింకల వేట కోసం చూసుకునేవారికి ప్రతి ఏటా ఎదురయ్యే సమస్యలను, వాటి మూలాలను, చేయవలసిన పనులను ఇక్కడ వివరిస్తున్నాను. సెయింట్ లూయిస్, కాన్సస్ సిటీ పరిసరాల్లో ఇలాంటి భూమి కొన్న, కొనాలనుకుంటున్న తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణుజు, కృష్ణజింకల వేట నేరం కాబట్టి, ఇందులోని ప్రతి మాటా అమెరికాకే వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

ముందుగా ఒక లెక్క తెలుసుకోవాలి. చతురస్రంగా ఉన్న 40 ఎకరాల భూమికి ఒక్కో వైపు 1,320 అడుగులు ఉంటుంది, అంటే సరిగ్గా నడిమధ్య నిలబడిన మనిషికి దగ్గరి సరిహద్దు 660 అడుగుల దూరంలోనే ఉంటుంది. తెల్లతోక జింక తిరిగే ప్రాంతం చోటును బట్టి మారినా, సుమారు ఒక చదరపు మైలు, అనగా 640 ఎకరాలు అనుకోవచ్చు. మీ భూమి అందులో పదహారో వంతు. ఆ జింక మీ సొత్తు కాదు, మీ పొరుగువారి సొత్తూ కాదు. అది పగటి వేళలో ఎన్ని గంటలు మీ వైపు గడుపుతుందన్నదే మీ చేతిలో ఉన్న విషయం. నా అనుభవంలో ఆ గంటలను తగ్గించేది చాలాసార్లు భూమి యజమాని రాకపోకలే.

కెమెరాలో రాత్రి మాత్రమే కనిపిస్తున్నాయి

చిన్న భూముల్లో అన్నిటికంటే తరచుగా వినిపించే ఫిర్యాదు ఇది. తెల్లతోక జింకలు సహజంగానే తెల్లవారుజామున, మునిమాపు వేళ ఎక్కువగా కదులుతాయి కాబట్టి కొన్ని రాత్రి ఫొటోలు రావడంలో వింత లేదు. అయితే అన్నీ రాత్రివే అయినప్పుడు, ఫొటో మీది సమయాన్ని ఆ రోజు సూర్యాస్తమయంతో పోల్చి చూడాలి. చీకటి పడిన అరగంటలోపే జింక వస్తున్నదంటే అది పగలు పడుకునే చోటు దగ్గరలోనే ఉన్నదని, మీరు మంచెను కొద్దిగా ఆ వైపు జరిపితే చాలునని అర్థం. ఎప్పుడూ అర్ధరాత్రి దాటాకే వస్తున్నదంటే అది పక్క భూమిలో పడుకుంటున్నదని, మీ భూమిని భద్రమైన చోటుగా లెక్కించడం లేదని అర్థం.

రెండో సందర్భంలో మూలకారణం దాదాపు ఎప్పుడూ మనుషుల అలికిడే. కెమెరా కార్డు చూడటానికి వారం వారం వెళ్ళడం, వేట కాలంలోనే కట్టెలు కొట్టడం, ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిపే చిన్న నాలుగు చక్రాల బండి) వేసుకుని భూమంతా చుట్టడం, గాలి అనుకూలంగా లేకపోయినా సెలవు దొరికిందని మంచె ఎక్కడం, ఇవన్నీ జింకకు ఒకే సంగతి చెబుతాయి. పెద్ద భూమిలో అది మరో మూలకు జరుగుతుంది. మీ భూమిలో జరగడానికి మరో మూల లేదు కనుక నేరుగా సరిహద్దు దాటిపోతుంది.

దీనికి పరిష్కారం భూమిలో నాలుగో వంతు, వీలైతే మూడో వంతు, ఎవరూ అడుగు పెట్టని చోటుగా వదిలేయడం. అన్నిటికంటే దట్టమైన పొదలున్న భాగాన్ని ఎంచుకుని, ఆగస్టు చివరికల్లా అందులోని పనులన్నీ ముగించి, విల్లు వేట మొదలయ్యే సెప్టెంబరు 15 నుంచి అది ముగిసే జనవరి 15 వరకు, గాయపడిన జింక కోసం తప్ప ఇంకెందుకూ లోపలికి వెళ్ళకూడదు. మంచెలన్నీ అంచుల మీదే ఉండాలి. మంచె దగ్గరికి వెళ్ళే దారి, దిగి వచ్చే దారి రెండూ జింకలు తినే చోటును గానీ పడుకునే చోటును గానీ దాటకుండా, వాగు గర్భం లేదా కంచె వెంబడి ఉండేలా ఆలోచించాలి. మంచె ఎక్కడ కట్టాలన్న దానికంటే దానికి ఎలా చేరాలన్నది ముందు తేల్చుకోవలసిన విషయమని నేను నమ్ముతాను. మంచి చోటే అయినా జింకలను లేపకుండా చేరలేకపోతే అక్కడ మంచె కట్టకపోవడమే మేలు. కెమెరాలను కూడా అంచులకు తెచ్చుకోవాలి. ఫోనుకు ఫొటోలు పంపే రకం కెమెరా ఈ ఒక్క కారణానికే పెట్టిన డబ్బుకు తగినది.

మంచె దగ్గరికి రాకముందే బుస కొట్టి పారిపోతున్నాయి

జింక తల ఎత్తి, ముక్కుతో బుస్సుమని ఊది, తెల్లని తోకను నిటారుగా లేపి పరుగెత్తిందంటే చాలాసార్లు అది మిమ్మల్ని చూడలేదు, వాసన పట్టింది. వాతావరణ సూచనలో చెప్పే గాలి దిశను మాత్రమే నమ్ముకోవడం ఇక్కడ పొరపాటు. కొండవాలు ఉన్న భూమిలో ఉదయం ఎండ తగిలి నేల వేడెక్కే కొద్దీ గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడిన గాలి వాలు వెంట పల్లానికి జారుతుంది. గాలి బలంగా వీచని రోజుల్లో ఈ కదలికే మీ వాసనను మోసుకుపోతుంది.

దీన్ని కళ్ళారా చూడటానికి మిల్క్‌వీడ్ కాయలోని దూది చాలు. ఇది మన జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్కే. కాయ పగిలినప్పుడు అదే విధమైన పట్టులాంటి పోగులు గింజలను మోస్తూ బయటికి వస్తాయి. మంచె మీద నుంచి ఒక పోగును వదిలితే అది మొదట సూచనలో చెప్పిన దిక్కుకే సాగి, ముప్పై నలభై గజాల దూరంలో ఒక్కసారి కిందికి వంగి, వాగు లోపలికి మలుపు తిరగడం కనిపిస్తుంది. మీ వాసన పోయే దారి అదే. అందుచేత ఉదయం వేటకు వాలు పైభాగంలోను, సాయంత్రం వేటకు పల్లంలోను వేర్వేరు మంచెలు ఉండాలి, ఒక్కో మంచెకు ఏ గాలి పనికి వస్తుందో రాసి పెట్టుకుని, ఆ గాలి లేని రోజున దాన్ని ఎక్కకూడదు. ఎక్కిన ప్రతిసారీ, నేల మీద కాలు ఉన్నప్పుడే ఒంటికి పూర్తి రక్షణ పట్టీ కట్టుకుని, దాన్ని చెట్టుకు కట్టిన తాడుకు తగిలించుకోవాలి. ఈ వేటలో మంచె మీద నుంచి పడటం ప్రాణాంతకమైన ప్రమాదం.

సెప్టెంబరులో నిండుగా ఉండి, అక్టోబరులో మాయమయ్యాయి

చాలాసార్లు అవి వెళ్ళిపోలేదు, తిండి మారింది. ఓక్ కాయలు రాలడం మొదలైతే జింకలు పచ్చిక వదిలి అడవిలోకి వెళతాయి. తెల్ల ఓక్ కాయలో వగరు తక్కువ కాబట్టి ముందు దాని కిందికే చేరుతాయి. తెల్ల ఓక్ కాయ ఒకే ఏడాదిలో పండుతుంది, ఎర్ర ఓక్ కాయకు రెండేళ్ళు పడుతుంది. అందుకే ఒక జాతి కాపు తప్పిన ఏడాది రెండోది నిండుగా కాయవచ్చు. ఆగస్టులో బైనాక్యులర్‌తో చెట్ల కొమ్మలను చూసి ఏవి కాచాయో గుర్తించుకుంటే, అక్టోబరులో మంచె ఎక్కడ ఉండాలో ముందే తెలుస్తుంది.

మేత మడి మొలిచి, బెత్తెడు ఎత్తులోనే ఆగిపోయింది

ఫుడ్ ప్లాట్ అని పిలిచే మేత మడి ఎదగకపోవడానికి రెండు ప్రధాన కారణాలున్నాయి: నేలలో ఆమ్లత్వం, లేదా జింకలు మొలకలోనే తినేయడం. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కనుక ఊహతో ఎరువు పోయకూడదు. విత్తిన రోజునే మడి మధ్యలో నాలుగడుగుల వెడల్పున తీగ వలను గుండ్రంగా చుట్టి, మేకులతో నేలకు దిగగొట్టాలి. నెల గడిచాక వల లోపల క్లోవర్ (జింకలు ఇష్టపడే పశుగ్రాసపు మొక్క) ఏపుగా పెరిగి, బయట నేలకు అంటుకుని ఉంటే తప్పు మట్టిది కాదు. లోపలా బయటా ఒకేలా పసుపు తిరిగి ఉంటే మట్టిని అనుమానించాలి.

మట్టి నమూనాను మిస్సోరి విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ (రైతు సలహా) విభాగపు కౌంటీ కార్యాలయంలో ఇస్తే పరీక్షించి, ఎకరానికి ఎంత సున్నం వేయాలో చెబుతారు. క్లోవర్‌కు పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; అంకె తగ్గే కొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 6 నుంచి 7 మధ్య ఉండాలి. అడవి కొట్టి తీసిన నేల ఈ స్థాయికి తక్కువగా ఉండటం మామూలే, ఎకరానికి టన్ను, రెండు టన్నుల వ్యవసాయ సున్నం అవసరం కావడమూ మామూలే. సున్నం పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి విత్తే ముందు వారం వేసి ఫలితం ఆశించకూడదు. సున్నానికి డబ్బు పెట్టకుండా ఖరీదైన విత్తనాల సంచి కొనడం వృథా ఖర్చని నా దృఢమైన అభిప్రాయం.

కారణం జింకలే అయితే, అర ఎకరం కంటే చిన్న మడి ఎక్కువ జింకలున్న చోట నిలవదు. మడిని పెద్దది చేయాలి, లేదా మొక్కలు నిలదొక్కుకునే దాకా విద్యుత్ కంచె వేయాలి, అదీ కుదరకపోతే ఆగస్టు చివర, సెప్టెంబరులో రై అనే ధాన్యం గానీ గోధుమ గానీ చల్లాలి. ఇవి ఎంత కొరికినా మళ్ళీ చిగురిస్తాయి. క్లోవర్‌ను ఫిబ్రవరి, మార్చి నెలల్లో మంచు గడ్డకట్టి కరిగే నేల మీద పైపైన చల్లితే, ఆ కదలికకే విత్తనం మట్టిలోకి దిగుతుంది. మడి పండలేదని మొక్కజొన్న గింజలు పోసి ఆ పక్కన మంచె ఎక్కడం మాత్రం మిస్సోరిలో చట్టవిరుద్ధం. గింజలు పూర్తిగా తీసేసిన తర్వాత కూడా 10 రోజుల వరకు అది ఎర వేసిన చోటుగానే పరిగణన అవుతుంది.

మేత ఉన్నా పగలు ఒక్క జింకా నిలవడం లేదు

చక్కగా, పార్కులా కనిపించే అడవి జింకకు ఉపయోగపడదు. పెద్ద చెట్ల గొడుగు కింద ఎండ పడక, నేల మీద ఆకుల పొర తప్ప ఏమీ లేకపోతే దానికి దాక్కునే చాటు లేదు, శీతాకాలంలో కొరికే చిగురు లేదు. మోకాళ్ళ మీద కూర్చుని జింక కంటి ఎత్తు నుంచి చూడండి; వంద గజాల దూరం వరకు చెట్ల మొదళ్ళన్నీ కనిపిస్తే సమస్య తెలిసినట్టే. చిన్న కొమ్మల చివర్లను కూడా పరిశీలించాలి. జింకకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు కాబట్టి అది కొరికిన చివర పీకినట్టు పీచుగా ఉంటుంది, కుందేలు కొరికినది కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. అయిదడుగుల ఎత్తు దాకా ఆకు అన్నదే లేకుండా గీత గీసినట్టు కనిపిస్తే, భూమి మోయగలిగినదానికంటే జింకలు ఎక్కువయ్యాయి.

చాటు పెంచడానికి మొదటి మార్గం రంపమే. కాయలు ఇచ్చే మంచి తెల్ల ఓక్‌లను గుర్తు పెట్టి కాపాడుతూ, వాటి చుట్టూ విలువ లేని చెట్లను శీతాకాలంలో తీసేస్తే, రెండు మూడు వేసవుల్లో నేల మీద బ్లాక్‌బెర్రీ, కలుపు మొక్కలు, చిన్న చెట్లు అల్లుకుంటాయి. చెట్టును సగం కోసి, బతికి ఉండగానే పక్కకు వాల్చే పద్ధతి కూడా ఉంది. కాని బిగుసుకుని ఉన్న మాను చీలి ఎగిరి కొట్టే ప్రమాదం ఉన్నందున అనుభవం లేనివారు దాన్ని ఒంటరిగా చేయకూడదు. బీడు భాగంలో మనిషి ఎత్తు పెరిగే స్విచ్‌గ్రాస్ అనే గడ్డి వేస్తే రోడ్డు వైపు తెర కూడా ఏర్పడుతుంది. విలువైన కలపను అమ్మే ముందు, మిస్సోరి కన్జర్వేషన్ శాఖలో ప్రైవేటు భూములకు సలహాలిచ్చే అధికారిని పిలిచి చూపించడం మంచిది. ఈ పనులన్నిటిలోనూ పిడుదులు అంటుకుంటాయి. ఇక్కడి లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి జింక మాంసంతో సహా ఎర్ర మాంసమంటేనే అలర్జీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి, బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పట్టించి, ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోవాలి.

ఆడ జింకలే ఉన్నాయి, పెద్ద కొమ్ముల మగవి లేవు

మగ పిల్లల్లో చాలా భాగం ఏడాది, ఏడాదిన్నర వయసులో పుట్టిన చోటు వదిలి మైళ్ళ దూరం వెళ్ళిపోతాయి. కనుక 40 ఎకరాల్లో మగ జింకను పెంచి పెద్ద చేయడం కుదిరే పని కాదు. కొమ్ములు పూర్తిగా ఎదగడానికి అయిదారేళ్ళు పడుతుంది, ఆ లోపు అది ఎందరి భూములు తిరుగుతుందో ఊహించవచ్చు. చేయగలిగినది, మేత తక్కువై, పైన చెప్పిన ఆకుల్లేని గీత కనిపిస్తున్న చోట అనుమతి మేరకు ఆడ జింకలను వేటాడటం, చిన్న మగవాటిని వదిలేయడంలో పొరుగువారితో మాట కలపడం. చుట్టూ ఉన్న నలుగురైదుగురు యజమానులు ఒప్పుకుంటే అది ఏ మేత మడికంటే విలువైనది. నవంబరు మధ్యలో ఎద ముమ్మరమైనప్పుడు ఆడ జింకలున్న చోటికి మగవి వాటంతటవే వస్తాయి.

నీటి పక్కన చచ్చి పడి ఉన్నాయి, లేదా చిక్కి తూలుతున్నాయి

వేసవి చివర్లో, ఒళ్ళు బాగానే ఉన్న జింకలు చెరువు గట్టున చచ్చి కనిపిస్తే అది ఎక్కువగా ఈహెచ్‌డీ అనే వైరస్ రక్తస్రావ వ్యాధి. క్యులికాయిడిస్ అనే కుట్టే సన్నని ఈగల ద్వారా ఇది వ్యాపిస్తుంది, గట్టి మంచు పడి అవి చచ్చాక ఆగుతుంది. ఎముకలు తేలేలా చిక్కి, తల వాల్చి, మనిషిని చూసినా బెదరకపోతే సీడబ్ల్యూడీ అనే, జింకలను క్షీణింపజేసే మెదడు వ్యాధిని అనుమానించాలి. 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన ఈ ప్రయాన్ (వికృతమైన ప్రోటీన్) వ్యాధికి మందు లేదు, దాని కారకం మట్టిలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. రెండు సందర్భాల్లోనూ కళేబరాన్ని కదల్చకుండా కన్జర్వేషన్ శాఖకు తెలపాలి. జింకలను ఒకే చోట గుమిగూడేలా చేసే ఉప్పు, గింజల కుప్పలు మానుకోవాలి, వేటాడిన జింక తలను పరీక్షకు ఇవ్వాలి.

సరిహద్దులో ఎవరో వేటాడుతున్నారు

మిస్సోరి చట్టం ప్రకారం చెట్ల మీద ఊదా రంగు గీత ప్రవేశం నిషిద్ధమన్న బోర్డుతో సమానం. గీత నిలువుగా కనీసం 8 అంగుళాలు ఉండి, నేలకు 3 నుంచి 5 అడుగుల ఎత్తులో, గీతకూ గీతకూ మధ్య 100 అడుగులకు మించకుండా ఉండాలి. బోర్డును పీకేయవచ్చు గాని రంగును పీకలేరు. గీత వేసే ముందు సర్వే హద్దులు సరిచూసుకోవాలి.

వీసా మీద ఉన్నాను, తుపాకి పట్టుకోవచ్చా అన్న సందేహం

హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లేదా పర్మిట్ ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే ఆ మినహాయింపు కూడా పోతుంది కాబట్టి, తుపాకి ముట్టుకునే ముందే న్యాయవాదిని అడగాలి. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు సాధారణంగా వేట శిక్షణ ధ్రువపత్రం కూడా పొందాలి.

కొట్టిన జింక కంచె దాటి పడింది

చిన్న భూమిలో ఇది జరిగి తీరుతుంది. పొరుగు యజమాని అనుమతి లేకుండా కంచె దాటడం అతిక్రమణే, చేతిలో విల్లు లేకపోయినా సరే. అందుకే వేసవిలోనే వెళ్ళి పలకరించి, ఫోను నంబరు తీసుకుని, అలాంటి అవసరం వస్తే ఏం చేయాలో ముందుగా మాట్లాడుకోవాలి. జింక దొరికిన వెంటనే పర్మిట్‌పై గుర్తు కోసి, అదే రోజు రాత్రి 10 గంటలలోపు టెలిచెక్‌లో (వేటాడిన జింకలను నమోదు చేసే కన్జర్వేషన్ శాఖ పద్ధతి) నమోదు చేయాలి.