యాక్సిడెంట్ రిపేరు అయిన కారు: ఏ తేడా వెనక ఏ లోపం, దానికేం చేయించాలి

విజయవాడ ఆటోనగర్ షెడ్డయినా, కంపెనీ సర్వీస్ సెంటరైనా, "బండి రెడీ అయిందండీ, వచ్చి తీసుకెళ్ళండి" అని సాయంత్రం పూట ఫోన్ చేస్తే ఆ పూట వెళ్ళకండి. మర్నాడు పొద్దున వస్తానని చెప్పండి. ట్యూబ్‌లైటు కింద ఏ పెయింటైనా బాగానే కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ బండి అయితే, రిపేరు తృప్తికరంగా ఉందన్న కాగితం మీద సంతకం కూడా ఆ హడావిడిలోనే అయిపోతుంది. కింద చెప్పేవన్నీ ఆ సంతకానికి ముందు చూసుకోవాల్సినవి.

స్టీరింగ్ వదిలితే బండి పక్కకి లాగుతోంది

షెడ్డులో దీనికి ఒకటే జవాబు: "అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయిస్తే పోద్దిలెండి." నిజంగా పోయే రకం ఉంది, పోని రకమూ ఉంది. విడదీసి చూడాలి.

ముందు నాలుగు టైర్లలో గాలి సమానంగా పట్టించండి. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని వారధి దాటి మంగళగిరి వైపు హైవే ఎక్కండి. వాన నీళ్ళు పోవడానికి రోడ్డే ఎడమకి కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి, బండి మెల్లగా ఎడమకి జరిగితే కంగారు లేదు. కుడికి లాగినా, ఎడమకే గట్టిగా గుంజినా తేడా ఉన్నట్టే.

బ్రేకు తొక్కినప్పుడే లాగుతోందా? అయితే అలైన్‌మెంట్ జోలికి పోవద్దు. బ్రేక్ కాలిపర్ (చక్రాన్ని పట్టి ఆపే భాగం) పట్టేసి ఉండొచ్చు, గుద్దుడికి బ్రేక్ ఆయిల్ హోస్ నలిగి ఉండొచ్చు, ముందు అవి విప్పి చూపించమనండి. ఎప్పుడూ లాగుతుంటే ముందు చక్రాలు రెండూ అటుదిటు మార్పించండి (ఒకే దిశలో తిరిగే టైర్లయితే కుదరదు). లాగుడు రెండో పక్కకి మారితే దోషం టైరుది. బండి తిన్నగా పోతూ స్టీరింగ్ మాత్రమే వంకరగా ఉంటే టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగా పెట్టలేదు, లేదా ఎయిర్‌బ్యాగ్ పని కోసం స్టీరింగ్ విప్పి బిగించేటప్పుడు ఒక పన్ను తప్పించారు. ఇవి తేలికైనవి.

అసలు చిక్కు క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం) తేడాలతో. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర బిగించి సరిచేయగలిగేది టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ అంకెలు కంపెనీలో భాగాలు కూర్చినప్పుడే కుదిరిపోతాయి. అవి తప్పాయంటే చక్రాన్ని పట్టి ఉంచే భాగాల్లో ఏదో ఒకటి వంగింది: స్ట్రట్, నకిల్, లోయర్ ఆర్మ్, కాకపోతే వాటిని మోసే క్రాస్ మెంబరే జరిగింది. అందుకే అలైన్‌మెంట్‌కి ముందూ తర్వాతా తీసిన ప్రింటవుట్లు రెండూ అడగండి. "గ్రీన్ వచ్చిందండీ" (అంకె హద్దుల్లో ఉందని) అన్న మాట చాలదు, టో గ్రీన్‌లో ఉండి క్యాంబర్ రెడ్‌లో ఉన్న కాగితం కూడా అలాగే చేతికిస్తారు. కుడి ఎడమల క్యాంబర్ మధ్య తేడా సగం డిగ్రీ దాటితే వంగిన భాగం వెతికి మార్చాల్సిందే. టో తిప్పి లాగుడు దాచేస్తే టైరు అంచు అరిగిపోతుంది, ఆ ఖర్చు మీది.

భాగాలు మార్చినా అంకెలు కుదరకపోతే ఛాసిస్ కొలవాలి. అడుగున కంపెనీ పెట్టిన రంధ్రాలుంటాయి, వాటి మధ్య మూలమూలకి కొలిచి కంపెనీ చార్టుతో పోల్చాలి. వెనక గుద్దు తగిలిన బండికి ఇది మరీ ముఖ్యం. వెనక యాక్సిల్ వంగితే బండి పీతలా ఓరగా నడుస్తుంది. ఖాళీ స్థలంలో నేల తడిపి తిన్నగా నడిపించండి, వెనక టైరు జాడ ముందు జాడకి రెండు వైపులా ఒకే తీరుగా పడుతోందో లేదో కళ్ళకే తెలుస్తుంది. ఛాసిస్ వంగి ఉంటే దానికి మందు, ఛాసిస్ లాగే బెంచ్ మీద ఎక్కించి లాగడం. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టి తిన్నగా చేస్తామంటే ఒప్పుకోవద్దు. గట్టి స్టీలు కాలిస్తే బలం పోతుంది, ఇంకోసారి గుద్దుకుంటే కాపాడాల్సింది అదే.

వారధి జాయింట్ల మీద టక్ టక్‌మంటోంది

కారణం వీటిలో ఒకటి: స్టెబిలైజర్ లింకు, స్ట్రట్ పైన మౌంటు, బిగించడం మరిచిన బోల్టు. లిఫ్టు ఎక్కించి ఒక్కొక్కటి టార్క్ రెంచితో బిగిస్తే సగం శబ్దాలు అక్కడే ఆగిపోతాయి.

బానెట్, డోర్ల సందులు సమానంగా లేవు

ఒకవైపు సందులో రూపాయి బిళ్ళ నిలబెట్టి, అదే చోట రెండో వైపు పెట్టి చూడండి. సందు పొడుగునా ఒకే వెడల్పుగా ఉండి, అవతలి వైపు కంటే ఎక్కువో తక్కువో ఉంటే ఫెండర్ బోల్టులు వదులు చేసి సర్దొచ్చు. పైన ఇరుకై కింద వెడల్పయితే డోరు హింజి దిగింది, లేదా పిల్లరే జరిగింది. పిల్లరయితే మళ్ళీ ఛాసిస్ కొలతకే వెళ్ళాలి. బానెట్ గట్టిగా బాదితే గానీ పడకపోతే లాక్ సర్దమనే ముందు రేడియేటర్ ముందుండే అడ్డపట్టీ తిన్నగా ఉందో లేదో చూడండి.

రంగు తేడా, పొక్కులు

ఏటవాలు ఎండలో పక్క నుంచి చూడండి. ప్లాస్టిక్ బంపరు రంగు కాస్త తేడాగా ఉండటం కొత్త బండిలోనూ ఉంటుంది, దానికి గొడవ పడక్కర్లేదు. డోరుకీ ఫెండరుకీ తేడా ఉంటే పక్క ప్యానెల్లోకి రంగు కలిపి కొట్టమనండి. చిన్న పొక్కులు తేలితే కంప్రెసర్ గాలిలో తేమ ఉందన్నమాట, పాలిష్‌తో పోదు, గీకి మళ్ళీ కొట్టాలి. పుట్టీ ఎంత మందంగా పెట్టారో తెలియాలంటే గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు, అతుక్కోని చోట పుట్టీ దిట్టంగా ఉంది. బంపర్ మీద ఈ పరీక్ష పనిచేయదు. కొత్త పెయింటుకి కనీసం నెలపాటు వ్యాక్స్ వద్దు.

రోడ్డు మీద ఏసీ బాగుంది, బెంజి సర్కిల్ సిగ్నల్లో చల్లదనం పోతోంది

ముందు గుద్దు తగిలిన బండికి మామూలే. నడుస్తున్నప్పుడు గాలి కండెన్సర్‌కి తగులుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఫ్యాన్ తిరగట్లేదు, లేదా దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగినా అలాగే బిగించారు. గ్యాస్ నింపి పంపిస్తే వారం ఆగి మళ్ళీ వస్తారు. వేడి ముల్లు కూడా పైకి పోతుంటే బండి అక్కడే ఆపించి చూపించండి.

ఎయిర్‌బ్యాగ్ లైటు

తాళం ఆన్ చేయగానే లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే స్కానర్ పెట్టి కోడ్ చదివించండి. అసలు వెలగకపోవడం అంతకంటే అనుమానం, లోపం కనపడకుండా లైటే తీసేసి ఉండొచ్చు. బ్యాగులు పేలిన బండిలో ముందు సీటు బెల్టులు కూడా చూడాలి, ప్రీటెన్షనర్ (గుద్దినప్పుడు బెల్టుని బిగించే పరికరం) ఒకసారి పనిచేస్తే మార్చడమే. బంపర్-టు-బంపర్ (తరుగు కోయని) పాలసీ లేకపోతే ఎయిర్‌బ్యాగులకి, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి 50 శాతం తరుగు మీ జేబులోంచే పోతుంది. ఖర్చు తగ్గిద్దామని ఎవరైనా పాత బ్యాగు పెడతామంటే వినకండి.

కాళ్ళ కింద మ్యాటు తడి

కారణాలివి: డోరు లోపలి ప్లాస్టిక్ షీటు అతికించకపోవడం, వెనక లైటు గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోవడం, డిక్కీ అతుకుల్లో సీలెంట్ వేయకపోవడం. ఒకరు లోపల టార్చితో కూర్చుంటే బయట నుంచి పైపుతో నీళ్ళు కొట్టించండి, కారే చోటు దొరుకుతుంది.

వీటిలో ఏది కనిపించినా నోటితో చెప్పి ఊరుకోకుండా జాబ్ కార్డు మీద రాయించండి. విప్పాక దొరికిన డ్యామేజీకి సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేట్ వేసి ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి చూపించాల్సింది షెడ్డువాళ్ళు, అదీ బిల్లు ఫైనల్ కాకముందే. బిల్లులో "రీప్లేస్" అని ఉన్న ప్రతి భాగానికీ పాతది ఎక్కడుందో చూపించమనండి, తర్వాత సంతకం సంగతి.