మగ పాత్ర ఏడ్చే సన్నివేశంలో నటించడం ఎలా?

నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదనే సామెత మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ సామెత అన్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఏడుపు సన్నివేశానికి సిద్ధమయ్యే నటుడు దాని బరువును ముందుగా లెక్కలోకి తీసుకోక తప్పదు, ఎందుకంటే తెర మీద మగవాడు కంటతడి పెట్టగానే చూసేవారి మనసులో ఎక్కడో ఒక అనుమానం తలెత్తుతుంది. ఆ అనుమానం కరగాలంటే, ఏడవకుండా ఉండడానికి ఆ పాత్ర చివరిదాకా చేసిన ప్రయత్నం కళ్లకు కనిపించాలి.

అనంతపురంలో లఘుచిత్రాలు తీస్తున్న యువకులనూ, లలిత కళా పరిషత్తు వేదిక మీద నాటకం వేయాలని ఉత్సాహపడే కొత్త నటులనూ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. వీలుగా ఉండడానికి ఒక సన్నివేశాన్ని తీసుకుందాం. వానలు ముఖం చాటేసి, వేరుశనగ పంట చేతికి రాక, బోరు కూడా ఎండిపోయిన రైతు ఒకడు తన ఎద్దుల జతను సంతలో అమ్మేశాడు. కొన్నవాడు వాటిని తోలుకుని వెళ్లిపోయాడు. పలుపుతాడు మాత్రం రైతు చేతిలో మిగిలింది. పక్కన పన్నెండేళ్ల కొడుకు నిలబడి ఉన్నాడు. రైతుకు ఉన్నది ఒక్కటే మాట: “పోదాం పా అబ్బీ, పొద్దు పోతాంది.”

మొట్టమొదట, ఈ మనిషి ఎవరి ముందు ఏడవకూడదనుకుంటున్నాడో తేల్చుకోవాలి. దుఃఖానికి కారణం ప్రేక్షకుడికి ముందే తెలుసు కాబట్టి దానిని మళ్లీ చెప్పనక్కర్లేదు. కొడుకు చూస్తుండగా బయటపడకూడదనుకుంటున్నాడా, సంతలోని బేరగాళ్ల ముందు చులకన కాకూడదనుకుంటున్నాడా అన్నదాన్ని బట్టి ముఖం ఎటు తిప్పాలి, గొంతు ఎంత తగ్గాలి, ఎంతసేపు ఆపుకోవాలి అన్నవన్నీ నిర్ణయమవుతాయి. కొడుకు ముందైతే తల పైకెత్తి మబ్బు పట్టిందేమోనని చూస్తున్నట్టు నిలబడతాడు. నలుగురి ముందైతే భుజం మీది తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్నట్టు ముఖమంతా ఒక్కసారే తుడిచేసుకుంటాడు. సీమ పల్లెల్లో తండ్రులనూ తాతలనూ గమనించినవారికి ఈ రెండూ తెలిసినవే. ఆ గమనింపే నటుడి అసలు పెట్టుబడి.

రెండవ మెట్టు చేతులకు పని ఇవ్వడం, దీనికి మించిన సాధనం మరొకటి లేదని నా అభిప్రాయం. చేతులు ఖాళీగా ఉన్న నటుడి ధ్యాసంతా తన ముఖం మీదికి పోతుంది, అక్కడి నుంచి అతడు దుఃఖపడడం మానేసి దుఃఖాన్ని చూపించడం మొదలుపెడతాడు. మన రైతు చేతిలో పలుపు ఉంది కనుక, దానిని బొటనవేలికీ మోచేతికీ మధ్య చుట్టగా చుట్టమనాలి. మొదటి రెండు చుట్లు రోజూ చుట్టే అలవాటు కొద్దీ చూడకుండానే, వేగంగా పడిపోవాలి. మూడో చుట్టు వేస్తుండగా తాడు పురిలో ఇరుక్కున్న ఎద్దు వెంట్రుకలు వేలికి తగులుతాయి. అక్కడ చెయ్యి ఆగుతుంది. వేలి కొసతో వాటిని ఒక్కసారి తడిమి, మళ్లీ చుట్టడం మొదలుపెట్టినప్పుడు చుట్టు వదులుగా పడుతుంది. చివరి కొసను లోపలికి దోపబోతే మొదటిసారి అది నిలవదు, రెండోసారి దోపాలి. ఇంతవరకు కంట్లో నీటిచుక్క లేకపోయినా చూసేవారి గొంతు పట్టేస్తుంది. నటనాచార్యుడు స్టానిస్లావ్‌స్కీ (1863–1938) తొలినాళ్లలో నటుడి సొంత జ్ఞాపకాల నుంచి భావాన్ని తోడుకోవడానికి ఎంతో ప్రాధాన్యం ఇచ్చినా, చివరి సంవత్సరాలలో శారీరక క్రియల వైపే ఎక్కువగా మొగ్గాడు. జ్ఞాపకం పిలిచినప్పుడల్లా రాకపోవచ్చు, తాడు చుట్టడం మాత్రం ఎన్ని టేకులైనా చేయవచ్చు. సొంత జ్ఞాపకాన్నే వాడుకోవాలనుకునేవారు మానిపోయిన గాయాన్ని ఎంచుకోవాలి. ఇంకా పచ్చిగా ఉన్న దుఃఖాన్ని కెలికితే అది పాత్రనూ సన్నివేశాన్నీ ముంచేస్తుంది, నటుడి మనసుకూ మంచిది కాదు.

మూడవది ఊపిరి. ఏడుపులో గాలి లోపలికి తెగి తెగి, చిన్న చిన్న ముక్కలుగా వెళుతుంది, బయటికి మాత్రం పొడుగ్గా, సన్నగా వస్తుంది. వెక్కిళ్లు అంటే ఇవే. నోరు మూసుకుని, ముక్కుతో మూడుసార్లు చిన్నగా ఊపిరి లోపలికి తీసుకుని, పెదవులు కొద్దిగా తెరిచి నెమ్మదిగా వదలడం సాధన చేయాలి. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. ఇది పట్టుబడ్డాక, ఆ వెక్కిళ్లను బయటికి వినిపించకుండా దవడ బిగించి అణచే ప్రయత్నం చేయాలి. అప్పుడు గడ్డం దానంతట అదే వణుకుతుంది, ముక్కుపుటాలు అదురుతాయి, గొంతులో ఉండ అడ్డుపడినట్టవుతుంది. గుటక మింగడానికి నటుడు పడే ఆ చిన్న ఇబ్బందిని కెమెరా చక్కగా పట్టుకుంటుంది.

నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలను, అంటే మనసులోని భావం వల్ల ఒంట్లో కనిపించే మార్పులను చెబుతుంది: స్తంభం, స్వేదం (చెమట), రోమాంచం (ఒళ్లు గగుర్పొడవడం), స్వరభేదం (గొంతు మారడం), వేపథువు (వణుకు), వైవర్ణ్యం (ముఖం రంగు మారడం), అశ్రువు (కన్నీరు), ప్రళయం (స్పృహ తప్పడం). కన్నీరు ఆ ఎనిమిదింటిలో ఒకటి మాత్రమేనని నటుడు గుర్తుంచుకుంటే, మిగిలినవాటిలో తన పాత్రకు ఏవి సరిపోతాయో వెతుక్కుంటాడు. మన రైతుకైతే ముందు స్తంభం, అంటే కదలకుండా నిలిచిపోవడం, తర్వాత చేతుల వణుకు, ఆ తర్వాత గొంతు మారడం, అన్నిటికన్నా చివర కన్నీరు. ఈ వరుస తారుమారైతే, కన్నీళ్లు ముందే ధారగా కారిపోతే, తర్వాత చేయడానికి నటుడి దగ్గర ఏమీ మిగలదు.

మాట విషయానికి వస్తే, “పోదాం పా అబ్బీ” అన్నప్పుడు గొంతు మామూలుగా ఉండాలన్నదే రైతు పట్టుదల. కాబట్టి మొదటి భాగం కాస్త గట్టిగా, దాదాపు కసురుకున్నట్టు రావాలి. “పొద్దు పోతాంది” దగ్గర జీర పుట్టి చివరి అక్షరం ఊపిరిలో కలిసిపోవాలి. సంభాషణ మొత్తం జీరబోయిన గొంతుతో చెబితే ఏ మాటా వినబడదు, ఏ మాటకూ విలువ ఉండదు.

ఇక కన్నీళ్లు. కొన్ని క్షణాలు రెప్ప వేయకుండా లైటుకు దగ్గరగా చూస్తే కన్ను ఆరి, దానంతట అదే నీరు ఊరుతుంది. తల కాస్త పైకెత్తి ఉంచితే ఆ నీరు కంట్లోనే నిలుస్తుంది, రెప్ప వాల్చగానే చెంప మీదికి జారుతుంది. గ్లిజరిన్ వాడడం తప్పేమీ కాదు. అయితే దానిని మేకప్ చేసే అనుభవజ్ఞుల చేతనే పెట్టించుకోవాలి, కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందే తీసేయాలి, షాట్ అయిన వెంటనే మంచినీళ్లతో కళ్లు కడుక్కోవాలి. గ్లిజరిన్ కన్నీటిని ఇస్తుంది, ఊపిరిని ఇవ్వదు. ఊపిరి సమంగా ఉండి చెంపలు మాత్రం తడిగా ఉన్న ముఖాన్ని ప్రేక్షకుడు ఇట్టే పసిగడతాడు.

మాధ్యమాన్ని బట్టి కొలతలు మారతాయి. పద్య నాటకంలో, ఉదాహరణకు తెల్లవారుజామున వచ్చే హరిశ్చంద్రుడి కాటిసీనులో, పద్యం నడుస్తుండగా గొంతు పూడుకుపోతే శ్రుతి తప్పుతుంది. అందువల్ల దుఃఖాన్ని పద్యాల నడుమ వచ్చే వచనంలో, పద్యం ఎత్తుకునే ముందు నిలిపే ఒక్క క్షణంలో పెట్టుకోవాలి. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవగారు రాగాల సాగతీతను కాదని సహజమైన పలుకును వేదిక మీద నిలబెట్టినవారు. మన జిల్లాలో నటన నేర్చుకునేవారికి ఆ దారి పరాయిది కాదు. టీవీ సీరియల్‌లో కష్టం వేరు. పక్క నుంచి ప్రాంప్టింగ్ వినబడుతుండగా ఏడవాలి, ఒక్క రోజులోనే ఎన్నో దుఃఖ సన్నివేశాలు తీస్తారు. అక్కడ ప్రాంప్టర్‌ను ముందే కలిసి, వెక్కిళ్లు పెట్టుకున్నచోట మాట అందించకుండా ఆగమని కోరడం మంచిది. సినిమాలోనైతే దూరపు షాట్‌లో శక్తినంతా ఖర్చు పెట్టేయకుండా క్లోజప్‌కు దాచుకోవాలి. ఏ మాట దగ్గర ముఖం తిప్పామో, ఏ చేత్తో తుడుచుకున్నామో గుర్తుంచుకోవాలి, లేకపోతే ఎడిటింగ్‌లో షాట్లు అతకవు. కొన్నాళ్ల తర్వాత డబ్బింగ్ చెప్పేటప్పుడు కుర్చీలో కూర్చోకుండా నిలబడి, చేతిలో ఒక తాడు పట్టుకుని చుడుతూ చెబితే షూటింగ్ నాటి ఊపిరి చాలావరకు తిరిగి వస్తుంది.

తీసిన షాట్‌ను రెండు విధాలుగా పరీక్షించుకోవాలి. ముందు శబ్దం పూర్తిగా తీసేసి చూడాలి. ముఖం ఎక్కువ పని చేస్తోందనిపిస్తే కనుబొమలనూ పెదవులనూ వదులు చేసి మళ్లీ తీయాలి. తర్వాత కళ్లు మూసుకుని శబ్దం మాత్రమే వినాలి. రైతు ఏడుపు ఆపుకుంటున్నాడని కేవలం ఊపిరి వల్ల తెలిసిపోతే ఆ టేకును ఉంచుకోవచ్చు. తెలియకపోతే, గ్లిజరిన్ మళ్లీ పెట్టడానికి ముందు పలుపుతాడును నటుడి చేతికిచ్చి, మొదటి చుట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టించాలి.