శ్రావణం ముందు సైటుకి యానిమేషన్లు పెట్టిస్తున్నారా? లైవ్ చేసే ముందు ఇవి చూసుకోండి

పోయిన శ్రావణంలో ఓ చేనేత చీరల షాపాయన ఫోన్ చేశారు. "బాబూ, కొత్త సైటు పెట్టి పద్దెనిమిది రోజులైంది, గూగుల్లో చూసి చేశామంటూ ఒక్క ఫోనూ రావట్లేదు. చూసినవాళ్లంతా సైటు బ్రహ్మాండంగా ఉందంటున్నారు మరి!" తెరిచి చూశాను. నిజంగానే బాగుంది. వేలితో పైకి తోస్తుంటే చీర మడతలు విచ్చుకుంటున్నాయి, జరీ అంచు మీద వెలుగు పాకుతోంది, పక్కనే "మంగళగిరి పట్టు, నిజాం బోర్డర్" అని అక్షరాలు తేలుతూ వస్తున్నాయి. ఆ అక్షరాలను మౌసుతో సెలెక్ట్ చేయబోతే అవ్వలేదు. కంట్రోల్ యూ కొట్టి సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) చూస్తే ఒక ఖాళీ డివ్ (పేజీలో ఒక పెట్టె), దాని కింద రెండు స్క్రిప్టు లైన్లు, టైటిల్ దగ్గర "హోమ్" అని ఒకే ఒక్క మాట. చీర అన్న పదం పేజీ మొత్తంలో లేదు. కంటికి కనిపించిందంతా కాన్వాస్ (స్క్రిప్టు బొమ్మలు గీసే చోటు) మీద గీసిన బొమ్మ. వరలక్ష్మీ వ్రతం చూస్తే వచ్చే శుక్రవారమే. పాత పేజీలు తిరిగి పెట్టాం కానీ సైటు మళ్లీ పైకి వచ్చేసరికి దసరా అయింది.

ఈ ఏడాది కూడా సీజన్ ముందు కొత్త సైట్లు చేయించుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే రాస్తున్నాను. బ్యాకప్ తీసుకోండి, పాస్‌వర్డ్ మార్చుకోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మనుషుల్ని ముంచే తప్పు ఒక్కటే

మాటలన్నీ యానిమేషన్ లోపల పెట్టేయడం. చీర పేరు, ధర, ఊరు, షాపు అడ్రసు, అన్నీ వీడియోలోనో, బొమ్మలోనో, కాన్వాస్‌లోనో ఉంటాయి. చూసేవాళ్లకి కనిపిస్తాయి. సెర్చ్ ఇంజిన్‌కి కావలసింది మాత్రం హెచ్‌టీఎమ్ఎల్‌లో (పేజీ రాసే కోడ్‌లో) ఉన్న అక్షరాలు. అవి లేకపోతే "మంగళగిరి పట్టు చీరలు" అని వెతికినవాళ్లకి మీ పేజీ చూపించడానికి దాని దగ్గర ఆధారమే ఉండదు.

ఇది కొత్త జబ్బు కాదు. వెబ్‌లో యానిమేషన్లకి అడోబీ ఫ్లాష్ వాడిన రోజుల్లోనూ ఇదే. పరిచయం ఆడి, సంగీతం మోగి, "స్కిప్ ఇంట్రో" నొక్కితే గానీ లోపలికి పోలేని సైట్లు గుర్తున్నాయి కదా, వాటి మాటలన్నీ ఒకే ఫైల్లో మూట కట్టి ఉండేవి. 2008లో గూగుల్, అడోబీ కలిసి ఆ మూటలోంచి అక్షరాలు లాగే పద్ధతి తెచ్చాయి, కానీ లోపల పది భాగాలున్నా బయటికి అడ్రసు ఒక్కటే కాబట్టి ఫలానా భాగానికి నేరుగా తీసుకెళ్లడం కుదిరేది కాదు. 2019 చివర్లో గూగుల్ ఫ్లాష్‌ని పట్టించుకోవడం మానేసింది, 2020 డిసెంబర్ 31తో అడోబీ కూడా వదిలేసింది. తెలుగువాళ్లం ఇంకో రకంగానూ దెబ్బ తిన్నాం. ప్రతి అక్షరానికీ అందరికీ ఒకే కోడ్ ఇచ్చే యూనికోడ్ వాడకంలోకి రాకముందు సొంత ఫాంట్లలో పెట్టిన తెలుగు పేజీలు తెరమీద చక్కగా కనిపించేవి, వెతికితే దొరికేవి కావు. ఫ్లాష్ పోయింది, వెబ్‌లో ఆ ఫాంట్లూ దాదాపు పోయాయి, తప్పు మాత్రం మిగిలింది.

కాబట్టి డిజైనర్ డెమో చూపించినప్పుడు ముందు పేజీలో ఒక వాక్యం సెలెక్ట్ చేసి చూడండి. తర్వాత కంట్రోల్ యూ కొట్టి అందులో ఆ వాక్యం వెతకండి. దొరికితే మంచిది. దొరకకపోతే గూగుల్ సైటు యజమానులకి ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ పెట్టి, లైవ్ టెస్ట్ చేసి, అక్కడ చూపించే హెచ్‌టీఎమ్ఎల్‌లో వెతకండి. గూగుల్ జావాస్క్రిప్ట్ (పేజీని కదిలించే స్క్రిప్టులు) నడిపి చూస్తుంది కనుక అక్కడైనా ఉంటే కొంత నయం. చాట్‌బాట్ల తరఫున వచ్చే క్రాలర్లు (పేజీలు చదువుకుపోయే ప్రోగ్రాములు) చాలావరకు ఆ మాత్రం కూడా చేయవు. రెండు చోట్లా లేకపోతే లైవ్ చేయకండి.

ఫోన్ సంగతి

గూగుల్ ఇప్పుడు లెక్కలోకి తీసుకునేది ఫోన్ వెర్షన్నే. ఫోన్లో యానిమేషన్ బరువవుతోందని డిజైనర్ కొన్ని భాగాలు తీసేస్తాడు, వాటితో పాటు మాటలూ పోతాయి. కంప్యూటర్లో ఎంత రాసినా ఫోన్లో లేకపోతే లేనట్టే. ఫోన్లో మొదట కనిపించే తెరలో అన్నిటికన్నా పెద్ద బొమ్మో, మాటల భాగమో రెండున్నర సెకన్ల లోపు కనపడాలి. లోడింగ్ చక్రం మూడు సెకన్లు తిరిగితే ఆ లెక్క అక్కడే తప్పింది.

అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరొచ్చే యానిమేషన్

ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ యానిమేషన్ టూల్స్‌లో చాలావాటిని ఇంగ్లీషు కోసం చేశారు. "పట్టు" అన్న మాట ఇస్తే ట్టు విరిగి ట, పొల్లు, ట, కొమ్ము వేరువేరు ముక్కలై పక్కన చుక్కల వలయాలతో కనిపిస్తాయి. ఒక్కో ముక్క ఒక్కో డబ్బాలో పడితే చదివే యంత్రానికీ మాట అందకపోవచ్చు. మాట మొత్తాన్ని కదిలించమనండి, లేదా లైను మొత్తాన్ని. అక్షరాన్ని విరగ్గొట్టనివ్వకండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తున్నా.

గూగుల్ తరఫున పేజీలు చదివే గూగుల్‌బాట్ స్క్రోల్ చేయదు, బటన్ నొక్కదు. "లోపలికి రండి" అని నొక్కితే గానీ రాని సరుకు దానికి లేనట్టే.

ఒక్కో చీర రకానికి ఒక్కో పేజీ, ఒక్కో అడ్రసు. అడ్రసులో హ్యాష్ గుర్తు (#) తర్వాత వచ్చే భాగాన్ని గూగుల్ వేరే పేజీగా చూడదు.

మెనూలో నిజమైన లింకులు పెట్టించండి. నొక్కితే స్క్రిప్టు ఆడే బొమ్మలు లింకులు కావు.

పాత అడ్రసులన్నీ రాసి పెట్టుకోండి. ప్రతిదాన్నీ దానికి సరిపడే కొత్త పేజీకి 301తో (అడ్రసు శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపు) మళ్లించండి, కనీసం ఏడాది ఉంచండి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేయకండి.

టెస్టు సైటులో పెట్టిన నోఇండెక్స్ (ఈ పేజీని సెర్చ్‌లో చూపొద్దనే గుర్తు) తీశారా? మీరే చూడండి, "తీసేశాం సార్" అంటే వినకండి.

క్రాలర్లు ఎక్కడికి రావొద్దో చెప్పే రోబోట్స్ ఫైల్లో స్క్రిప్టుల ఫోల్డర్‌ని బ్లాక్ చేయకండి.

టైటిల్ "హోమ్" అని వదలొద్దు.

మాటలు కావాలంటే తెల్ల మీద తెల్ల అక్షరాలతో దాచిపెడదాం అని ఎవరైనా అంటే వెంటనే వద్దనండి. అది స్పామ్ కిందికి వస్తుంది, సైటు మొత్తానికీ దెబ్బ.

మొదట కనిపించే బొమ్మకి లేజీ లోడింగ్ (అవసరమయ్యాకే బొమ్మ తెచ్చే పద్ధతి) పెట్టకండి.

వీడియోలో చెప్పినదాన్ని కింద పేజీలో రాయండి. రాయండి అంటే టైపు చేయండి, రాసిన దాన్ని ఫోటో తీసి పెట్టడం కాదు.

మాటలు యానిమేషన్ లోపల వద్దు. మళ్లీ చెప్తున్నా, చీర ఎంతైనా తిరగనివ్వండి, పేరు, ధర, ఊరు మాత్రం హెచ్‌టీఎమ్ఎల్‌లో ఉండాలి.

సీజన్‌కి నెల కూడా లేకపోతే కొత్త సైటు ఆపండి. డబ్బులు కట్టేశాం కదా అని తొందరపడకండి. పాతదే నడవనివ్వండి, దసరా దీపావళి అయ్యాక మార్చుకోవచ్చు.

ఇప్పటికే లైవ్ చేసేసి ఉంటే ఈ రాత్రే మీ సైటు తెరిచి కంట్రోల్ యూ కొట్టండి. మీరు అమ్మే సరుకు పేరు అందులో వెతకండి. సున్నా అని వస్తే పైన చెప్పిన యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లోనూ వెతకండి. అక్కడా లేకపోతే తెల్లారేదాకా ఆగకుండా డిజైనర్‌కి ఫోన్ చేసి, పాత పేజీలు తిరిగి పెట్టమనండి.